హెటిరోడైన్ పెడితే సిగ్నల్ నిజంగా వేయి రెట్లు పెరుగుతుందా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ముందు చెబుతాను, తప్పయితే సరిదిద్దండి. మీరు తిరుపతిలో పరిశోధక విద్యార్థిని. 800 నానోమీటర్ల ఫెమ్టోసెకండ్ లేజర్‌తో ఒక డై ద్రావణం మీద ట్రాన్సియెంట్ గ్రేటింగ్ కొలతలు చేస్తున్నారు, అంటే రెండు పల్స్‌లు ద్రావణంలో కలిసి క్షణికమైన చారలు ఏర్పరిస్తే, వాటి మీద పడి దారి మళ్ళే మూడో పల్స్ కాంతిని కొలుస్తున్నారు. సిగ్నల్ డిటెక్టర్ రొదలో (నాయిస్) మునిగిపోతోంది. మీ గైడ్ హెటిరోడైన్ పెట్టమన్నారు, అంటే నీరసమైన సిగ్నల్‌ను బలమైన మరో కిరణంతో కలిపి కొలవమన్నారు. లోకల్ ఆసిలేటర్ అనే ఆ కిరణం కలిపితే సిగ్నల్ వేయి రెట్లు అవుతుందని చదివారు. అలాగైతే రొద కూడా అంతే పెరగాలి కదా అన్నది మీ మొదటి సందేహం. మామూలు ఆప్టికల్ టేబుల్ మీద ఫేజ్ (రెండు కాంతి తరంగాల ఊపుల మధ్య తేడా) నిలుస్తుందా అన్నది రెండోది.

సూటిగా చెబితే, పెట్టండి. వేయి రెట్లన్న మాట అబద్ధం కాదు, కానీ దానికి మురిసిపోవద్దు. లోకల్ ఆసిలేటర్ కొత్త ఫోటాన్లను పుట్టించదు. ఉన్న కొద్ది ఫోటాన్లను డిటెక్టర్ రొదకు పైన కనబడేలా ఎత్తి పెడుతుంది, అంతే. మీ ఇబ్బంది డిటెక్టర్ రొదే అయితే ఇది గొప్ప మందు. ఇబ్బంది లేజర్ తీవ్రత ఊగిసలాటలో ఉంటే, జాగ్రత్త లేకుండా పెట్టిన హెటిరోడైన్ పరిస్థితిని ఇంకా పాడుచేస్తుంది. ఇక ఫేజ్ సంగతి. విడివిడి అద్దాలతో నిలబెట్టడం చాలా కష్టం. డిఫ్రాక్టివ్ ఆప్టిక్ (కాంతిని చీల్చే సన్న గీతల పలక) వాడితే మామూలు టేబుల్ మీద కూడా నిలుస్తుంది.

ఈ విషయం నాకు లేజర్ గదిలో అర్థం కాలేదు, గాదంకిలో అర్థమైంది. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే దారిలో ఆ ఊళ్ళో ఉన్న, పై వాతావరణంలో గాలులను కొలిచే ఎంఎస్‌టీ రాడార్‌ను చూసే ఉంటారు, చూడకపోతే ఒకసారి వెళ్ళి రండి. 1024 యాగి యాంటెనాలు పొలంలో నాటిన కొయ్యల్లా వరుసగా నిలబడి ఉంటాయి. అది 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, అంటే తరంగదైర్ఘ్యం సుమారు 5.66 మీటర్లు. పైన గాలి సెకనుకు ఒక మీటరు వేగంతో రాడార్ వైపు కదిలితే తిరిగి వచ్చే ప్రతిధ్వని పౌనఃపున్యం మారేది 0.35 హెర్ట్జ్ మాత్రమే. ఐదు కోట్ల ముప్పై లక్షల హెర్ట్జ్‌కు ఒక్క హెర్ట్జ్‌లో మూడోవంతు మార్పు! నేరుగా కొలిచే దారి లేదు. తన దగ్గరున్న స్థిరమైన ఆసిలేటర్‌తో కలిపి, తేడాను మాత్రం కిందికి దించి కొలుస్తారు. ఎమ్మెస్సీ రోజుల్లో అక్కడి రిసీవర్ బ్లాక్ డయాగ్రం ముందు నిలబడి ఒక ఇంజినీరును అడిగాను, ఇంత నీరసమైన ప్రతిధ్వనిని ఎలా పట్టుకుంటారని. "దాన్ని బలపరచడం తరువాత సంగతి. ముందు తోడు కావాలి" అన్నారాయన. తంబురా శ్రుతి చేసేవాళ్ళకు ఇది కొత్త కాదు. రెండు తీగల మధ్య తేడా ఎంత చిన్నదైనా, కలిసి మోగినప్పుడు విస్పందనం చెవికి తెలిసిపోతుంది.

రాడార్ వాళ్ళతో మాట్లాడేటప్పుడు ఒక చిక్కు వస్తుంది, ఇక్కడే చెప్పేస్తాను. రేడియో భాషలో రెండు పౌనఃపున్యాలు వేరైతేనే హెటిరోడైన్, ఒకటే అయితే హోమోడైన్. రేడియో ఇంజినీరు ఫెసెండెన్ ఈ మాట పుట్టించినప్పుడూ, 1918లో ఆర్మ్‌స్ట్రాంగ్ సూపర్‌హెటిరోడైన్ రిసీవర్ చేసినప్పుడూ అర్థం అదే. మన అరేఖీయ స్పెక్ట్రోస్కోపీలో వాడుక వేరు. ఇక్కడ సిగ్నల్ తీవ్రతను ఒంటరిగా కొలిస్తే హోమోడైన్. బయటి కాంతి క్షేత్రంతో కలిపి కొలిస్తే, రెండింటి పౌనఃపున్యం ఒకటే అయినా, హెటిరోడైన్. పేరు సరిగ్గా లేదని నాకూ అనిపిస్తుంది. కానీ ముప్పై ఏళ్ళుగా అందరూ అలాగే రాస్తున్నారు, మీ థీసిస్‌లో మీరూ అలాగే రాయండి. పరీక్షకుడు ఎలక్ట్రానిక్స్ మనిషి అయితే మొదటి పేజీలోనే ఒక వాక్యం పెట్టండి.

ఇప్పుడు లెక్క. 800 నానోమీటర్ల కాంతి సెకనుకు సుమారు 375 లక్షల కోట్ల సార్లు ఊగుతుంది. ఏ ఫోటోడయోడూ ఆ ఊపును అనుసరించలేదు. దానికి కనబడేది కాంతి విద్యుత్ క్షేత్రం కాదు, క్షేత్రపు వర్గం. లోకల్ ఆసిలేటర్‌ను ఎల్వో అందాం. ఎల్వో, సిగ్నల్ కలిసి డిటెక్టర్ మీద పడితే మూడు పదాలు వస్తాయి: ఎల్వో తీవ్రత, సిగ్నల్ తీవ్రత, రెండు క్షేత్రాల లబ్ధానికి రెండింతలను ఫేజ్ తేడా కొసైన్‌తో గుణించినది. మూడోదే మనకు కావలసిన వ్యతికరణ పదం. సిగ్నల్ తీవ్రత ఎల్వోలో పది లక్షల వంతు అనుకోండి. క్షేత్రాల నిష్పత్తి వేయింట ఒకటి. వ్యతికరణ పదం ఎల్వోలో వేయింట రెండు వంతులు. ఒంటరి సిగ్నల్‌తో పోలిస్తే రెండు వేల రెట్లు. మీరు చదివిన వేయి రెట్లు ఇక్కడి నుంచే వచ్చాయి.

రొదను కూడా లెక్కలోకి తీసుకుని చూద్దాం, ఎందుకంటే పుస్తకాలు ఇక్కడే ఆగిపోతాయి. ఒక లేజర్ షాట్‌కు సిగ్నల్‌లో 100 ఫోటాన్లు, ప్రతి ఫోటాన్‌కూ ఒక ఎలక్ట్రాన్, డిటెక్టర్ రొద 1000 ఎలక్ట్రాన్లు, ఫేజ్ సరిగ్గా కుదిరింది అనుకుందాం. ఒంటరిగా కొలిస్తే సిగ్నల్‌కు, రొదకు నిష్పత్తి 0.1. ఏమీ కనబడదు. మీ ఇప్పటి పరిస్థితి బహుశా ఇదే.

ఎల్వోగా పది లక్షల ఫోటాన్లు కలపండి. వ్యతికరణ పదం 20,000. ఎల్వో షాట్ నాయిస్ (ఫోటాన్ల సంఖ్య దానంతటదే ఊగడం వల్ల వచ్చే రొద) 1000, డిటెక్టర్‌ది ఇంకో 1000. రెండూ వర్గాలుగా కలిసి సుమారు 1400. నిష్పత్తి 14! ఎగిరి గంతేయాలనిపిస్తుంది. ఆగండి. మీ లేజర్ షాట్‌కూ షాట్‌కూ మధ్య 1 శాతం ఊగుతోందా? పది లక్షల్లో 1 శాతం పదివేలు. నిష్పత్తి ఒక్కసారిగా 2కు పడిపోయింది. సరిపోలేదని ఎల్వోను ఇంకా పెంచి పది కోట్లు చేశారనుకోండి. వ్యతికరణ పదం రెండు లక్షలు, లేజర్ రొద పది లక్షలు. నిష్పత్తి 0.2. స్క్రీన్ మీద గీత పెద్దదయింది, కొలత మాత్రం పాడయింది. మా దగ్గర కొత్తగా చేరిన ప్రతివారూ ఒకసారి ఈ తప్పు చేస్తారు. నేనైతే ఒక వేసవి మొత్తం చేశాను.

ఇప్పుడు ఎల్వోను తగ్గించండి. లక్ష ఫోటాన్లే ఉంచితే వ్యతికరణ పదం 6300, మొత్తం రొద 1450, నిష్పత్తి 4.4. పది లక్షల ఎల్వో కంటే లక్ష ఎల్వో మేలు. డిటెక్టర్ రొదను లేజర్ ఊగిసలాట భిన్నంతో భాగిస్తే సరైన ఎల్వో వస్తుంది. ఇక్కడ 1000ని 0.01తో భాగిస్తే లక్ష. గోడ మీద రాసి పెట్టుకోదగిన సూత్రం ఇదొక్కటే.

ఎల్వో పెంచే ముందు చేయవలసిన పని లేజర్ ఊగిసలాటను కొలతలోంచి తీసేయడం. ఎల్వోలో కొంత చీల్చి రెండో డిటెక్టర్ మీద వేసి షాట్ షాట్‌కూ భాగించడం ఒక దారి. ఫేజ్‌ను 180 డిగ్రీలు తిప్పి రెండు కొలతలను తీసివేయడం ఇంకా మంచి దారి. ఎల్వో తీవ్రత, సిగ్నల్ తీవ్రత రెండూ పోతాయి, వ్యతికరణ పదం రెండింతలవుతుంది. ఊగిసలాట 0.1 శాతానికి దిగితే పై లెక్కలో సరైన ఎల్వో పది లక్షలకు చేరుతుంది, నిష్పత్తి 11.5 అవుతుంది. ఎంత చేసినా 100 ఫోటాన్లతో 20 దాటలేరు. ఫోటాన్ల సంఖ్య వర్గమూలానికి రెండింతలు, అదే చివరి గోడ. ఎల్వో ఎంత పెద్దదైనా ఆ గోడ జరగదు.

ఇంత శ్రమ ఎందుకు, లేజర్ శక్తి పెంచితే సరిపోదా అని మీరు అడగలేదు గానీ అడుగుతారు. శక్తి పెంచితే ఐదో క్రమపు ప్రక్రియలు లోపలికి వస్తాయి, డై పాడవుతుంది, ద్రావకం వేడెక్కి ఉష్ణ గ్రేటింగ్ మొదలవుతుంది. అది ఒక సంగతి. నా దృష్టిలో హెటిరోడైన్ పెట్టడానికి అసలు కారణం బలం కాదు, రేఖీయత. ఒంటరి సిగ్నల్ తీవ్రత మూడో క్రమపు ససెప్టిబిలిటీ (కాంతికి పదార్థం స్పందించే తీరుకు కొలత) వర్గానికి అనుపాతం. ద్రావణాన్ని పది రెట్లు పలుచన చేస్తే సిగ్నల్ నూరు రెట్లు పడిపోతుంది. హెటిరోడైన్‌లో పది రెట్లే పడిపోతుంది. వర్గం చేస్తే గుర్తు కూడా పోతుంది, ధనమో రుణమో తెలియదు. కాంతిని పీల్చుకోవడం వల్ల వచ్చిన భాగమూ, వక్రీభవన గుణకం మారడం వల్ల వచ్చిన భాగమూ కలగలిసిపోతాయి.

దీనికి మా దగ్గరి ఉదాహరణే ఒకటి. ఒక విద్యార్థి హోమోడైన్ గ్రేటింగ్‌తో ఒక డై ఉత్తేజిత స్థితి ఆయుర్దాయం 6 పికోసెకండ్లని కొలిచాడు. పంప్–ప్రోబ్‌లో (ఒక పల్స్‌తో ఉత్తేజపరిచి, కొంత ఆలస్యంగా వచ్చే రెండో పల్స్‌లో మార్పు చూసే కొలత) అదే డై 12 పికోసెకండ్లు చూపిస్తోంది. రెండు వారాలు నమూనాను అనుమానించాడు. కొత్త సీసా తెప్పించాడు, ద్రావకం మార్చాడు. సంగతేమిటంటే క్షేత్రం 12 పికోసెకండ్లలో క్షీణిస్తే దాని వర్గం 6 పికోసెకండ్లలో క్షీణిస్తుంది. రెండు ఆయుర్దాయాలు కలిసి ఉంటే ఇంకా గోల, వర్గం చేసినప్పుడు అసలు లేని మూడో క్షీణత పుట్టుకొస్తుంది. మీ ఇప్పటి హోమోడైన్ దత్తాంశంలో ఏదైనా ఆయుర్దాయం లెక్కగట్టి ఉంటే వెంటనే తిరగేసి చూసుకోండి.

పంప్–ప్రోబ్ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. అది పుట్టుకతోనే హెటిరోడైన్. అరేఖీయ సిగ్నల్ ప్రోబ్ దిశలోనే బయటికి వస్తుంది, ప్రోబే ఎల్వో అవుతుంది, ఫేజ్ దానంతటదే నిలుస్తుంది. మరి గ్రేటింగ్‌తో పనేమిటంటే, పంప్–ప్రోబ్‌లో ఎల్వోను విడిగా తగ్గించలేరు. ప్రోబ్ తగ్గిస్తే సిగ్నలూ తగ్గుతుంది. గ్రేటింగ్‌లో ఎల్వో మీ చేతిలో ఉంటుంది. మీకు ఆయుర్దాయం ఒక్కటే కావాలి, మార్పు వేయింట ఒక వంతు కంటే పెద్దది అంటే మాత్రం పంప్–ప్రోబ్ చేసుకుని హాయిగా ఇంటికి వెళ్ళండి.

ఇక ఫేజ్. 10 సెంటీమీటర్ల అల్యూమినియం ముక్క 0.1 డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే 230 నానోమీటర్లు సాగుతుంది. 800 నానోమీటర్ల కాంతికి అది 100 డిగ్రీలకు పైగా ఫేజ్. అంటే పీల్చుకునే భాగాన్ని కొలుస్తున్నాననుకుంటూ మీరు వక్రీభవన భాగాన్ని కొలుస్తుంటారు. మే నెలలో తిరుపతి ఎండ మీకు చెప్పనక్కరలేదు. మా గదిలో ఫేజ్ ప్రతి పన్నెండు నిమిషాలకూ ఒకసారి అటూ ఇటూ నడిచేది. దోషం లేజర్‌దని కంపెనీకి ఉత్తరం కూడా రాయబోయాం. చివరికి అటెండరు పట్టుకున్నాడు: "సార్, ఏసీ కంప్రెసర్ ఆగినప్పుడల్లా మీ గీత వంగుతోంది." థర్మోకోల్ షీట్లతో, ఆక్రిలిక్ పలకలతో కిరణాల దారి మొత్తానికీ పెట్టె కట్టాం, ఏసీ గాలి టేబుల్ మీద నేరుగా పడకుండా అట్ట అడ్డం పెట్టాం. ఊగు తగ్గింది, పోలేదు.

పోగొట్టింది డిఫ్రాక్టివ్ ఆప్టిక్. 1998లో మిల్లర్ బృందం, నెల్సన్ బృందం విడివిడిగా ప్రచురించిన పద్ధతి ఇది. పంప్, ప్రోబ్ కిరణాలు రెండింటినీ ఒకే ట్రాన్స్‌మిషన్ గ్రేటింగ్ మీద వేస్తారు. ఒక్కొక్కటీ ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి క్రమాలుగా చీలి మొత్తం నాలుగు కిరణాలవుతాయి. మిగిలిన క్రమాలను ఆపేసి ఈ నాలుగింటినీ ఒకే జత కటకాలతోనో గోళాకార అద్దాలతోనో నమూనా మీదికి తెస్తారు. చతురస్రం నాలుగు మూలల్లో నాలుగు చుక్కలు, ఇంటి ముందు ముగ్గుకు పెట్టుకున్నట్టు. మూడు చుక్కలు ఉత్తేజపరిచేవి, నాలుగోది ఎల్వో. ఆ మూడింటి నుంచి పుట్టే సిగ్నల్ సరిగ్గా నాలుగో చుక్క దిశలోనే వెళుతుంది. అమరిక కోసం వెతుక్కునే పని లేదు. కిరణాలన్నీ అవే అద్దాల మీదుగా వెళతాయి కాబట్టి అద్దం కదిలితే అందరికీ ఒకేలా కదులుతుంది. సిగ్నల్‌కూ ఎల్వోకూ మధ్య ఫేజ్‌లో ఆ కదలికలు జంటలు జంటలుగా కొట్టుకుపోతాయి. ఒక్క జాగ్రత్త: పంప్ ఆలస్యాన్ని మార్చే కదిలే అద్దాలు గ్రేటింగ్‌కు ముందే ఉండాలి. తరువాత పెడితే ఈ లాభం పోతుంది.

ఎల్వో దారిలో ఆప్టికల్ డెన్సిటీ 3 లేదా 4 ఫిల్టర్ (కాంతిని వేయో వంతుకో పదివేలో వంతుకో తగ్గించేది) పెట్టండి. ఫేజ్ తిప్పడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు, 1 మిల్లీమీటరు మైక్రోస్కోప్ స్లయిడ్ చాలు. కిరణానికి లంబంగా ఉన్న స్లయిడ్‌ను 2 డిగ్రీలు వంచితే దారి సుమారు 200 నానోమీటర్లు పెరుగుతుంది, అంటే 90 డిగ్రీల ఫేజ్. కాకపోతే స్లయిడ్‌ను ఒక కిరణంలోనే పెడితే దాని పల్స్ మిగతావాటికంటే దాదాపు 1.7 పికోసెకండ్లు వెనకబడుతుంది. నాలుగింటిలోనూ పెట్టి ఒకదాన్ని మాత్రం వంచండి. ఫిల్టర్ గాజు మందాన్ని కూడా ఈ లెక్కలో కలపండి, చాలామంది మరిచిపోతారు.

సున్నా ఫేజ్ ఎక్కడుందో తెలుసుకోవడం ఇలా. డై లేకుండా ద్రావకం ఒక్కటే పోయండి. 800 దగ్గర పారదర్శకంగా ఉండే ద్రావకం తక్షణ స్పందన వక్రీభవన గుణకానిది మాత్రమే. సున్నా ఆలస్యం దగ్గర, అంటే పల్స్‌లన్నీ ఒకేసారి చేరిన చోట, ఒక ముల్లులా లేస్తుంది. స్లయిడ్ వంచుతూ ఆ ముల్లు పూర్తిగా మాయమయ్యే చోటు పట్టుకోండి. అక్కడ మీరు పీల్చుకునే భాగాన్ని చూస్తున్నారు. ముల్లు గరిష్ఠంగా ఉన్న చోట వక్రీభవన భాగం. తరువాత డై పోసి, పంప్–ప్రోబ్ క్షీణతతో పోల్చి నిర్ధారించుకోండి. ప్రతి రోజూ ఉదయం ఒకసారి, భోజనం తరువాత ఒకసారి ఇది చేయాలి.

స్పెక్ట్రోమీటర్ ఉంటే పని ఇంకా సుఖం. ఎల్వోను సిగ్నల్ కంటే ఒక పికోసెకండు ముందుగా పంపండి. వర్ణపటంలో 800 దగ్గర సుమారు 2.1 నానోమీటర్లకు ఒకటి చొప్పున వ్యతికరణ చారలు వస్తాయి. ఫూరియే పరివర్తనతో (ఊపులను పౌనఃపున్యాలుగా విడదీసే గణితం) ఆ చారల్లోంచి సిగ్నల్ పరిమాణమూ ఫేజూ రెండూ ఒకేసారి బయటికి తీయవచ్చు. లెపెటిట్, షెరియో, జోఫ్ర్ 1995లో ఈ లెక్కను వివరంగా ఇచ్చారు. పంప్ ఆలస్యం ఒక పికోసెకండు లోపు ఉన్నంతవరకు ఎల్వో అందరికంటే ముందే నమూనా దాటిపోతుంది కాబట్టి పంప్ ప్రభావం దాని మీద పడదు. అది కూడా లాభమే.

ఇవన్నీ చేశాక కూడా చారలు సన్నగా, వెలిసిపోయినట్టు కనబడితే మూడు చూడండి. మొదటిది కోణం. 5 మిల్లీమీటర్ల కిరణాల మధ్య 0.16 మిల్లీరేడియన్ల వంపు ఉంటే డిటెక్టర్ అంతటా ఒక పూర్తి చార పరుచుకుని వ్యతికరణం సున్నా అయిపోతుంది. రెండోది ధ్రువణం, అంటే రెండు కాంతుల ఊపు దిశ ఒకటేనా అన్నది. మూడోది, అన్నిటికంటే దొంగది, చెదిరిన పంప్ కాంతి. క్యూవెట్ (ద్రావణం పోసే గాజు డబ్బా) గోడ మీద ఒక వేలిముద్ర చాలు. చెదిరిన కాంతికీ క్షేత్రం ఉంటుంది, అదీ ఎల్వోతో కలిసి బలపడుతుంది. ఎల్వో మంచి సిగ్నల్‌నూ చెడ్డ కాంతినీ వేరు చేసి చూడదు. చాపర్‌తో (కిరణాన్ని ఆపుతూ వదులుతూ తిరిగే చక్రం) పంప్, ప్రోబ్‌లను వేర్వేరుగా ఆపి తీసివేతలు చేయాల్సిందే. హోమోడైన్‌లో కనబడని మురికి హెటిరోడైన్‌లో కనబడితే కంగారుపడవద్దు, అది ముందు నుంచీ ఉన్నదే.

మీ గైడ్ ఎక్కడో ప్రస్తావించారన్న ఉపరితల సమ్-ఫ్రీక్వెన్సీ ప్రయోగాల (రెండు కాంతుల పౌనఃపున్యాలు కలిసి కొత్త కాంతి పుట్టేవి) గురించి ఒక్క మాట. రెండో హార్మోనిక్ (రెండింతల పౌనఃపున్యపు కాంతి) ఫేజ్‌ను కొలవవచ్చని చాంగ్, డ్యుకైంగ్, బ్లోంబెర్గెన్ 1965లోనే చూపించారు. నీటి ఉపరితలం మీద అణువులు హైడ్రోజన్‌ను పైకి పెట్టుకున్నాయా కిందికా అన్నది ఈనాడు హెటిరోడైన్ సమ్-ఫ్రీక్వెన్సీతో, గుర్తును బట్టి చెప్పగలుగుతున్నారు. తీవ్రత మాత్రమే కొలిస్తే ఆ పైకీ కిందికీ తేడా పోతుంది. మీ డైకి ఇది అవసరం లేదు.

గ్రేటింగ్‌కు ఆర్డరు పెట్టే ముందు ఒక రోజు వెచ్చించి మూడు అంకెలు కొలవండి. కిరణాలన్నీ ఆపి డిటెక్టర్ రొద. ప్రోబ్‌ను ఫిల్టర్లతో బాగా తగ్గించి నేరుగా డిటెక్టర్ మీద వేసి వెయ్యి షాట్లకు తీవ్రత ఊగిసలాట. డైని పది రెట్లు చిక్కగా కలిపి ఒంటరి సిగ్నల్ (చిక్కగా ఉన్నప్పుడు ద్రావణమే కాంతిని మింగేయకుండా సన్న క్యూవెట్ వాడండి). ఆ మూడూ ఇక్కడ రాస్తే ఎల్వో ఎంత ఉండాలో, ఏ ఫిల్టర్ కొనాలో లెక్కగట్టి చెబుతాను. ఏసీ టేబుల్‌కు ఎటువైపు ఉందో కూడా రాయండి.